ముల్లర్ – ముల్డర్: ఒక ఇంటిపేరు పుట్టుక, వ్యాప్తి

ఇంటిపేర్లను గూర్చి పరిశోధించువారు సామాన్యముగా రెండు విధములైన పొరపాట్లకు లోనగుచుందురు. ధ్వనిసామ్యము కనబడినంతనే వ్యుత్పత్తి దొరికినదని సంతసించుట మొదటిది. ఒక పేరు దేశమున విస్తారముగా వ్యాపించి యున్నయెడల, ఆ పేరు సూచించు వృత్తివారుగాని వంశమువారుగాని పూర్వము అంత విస్తారముగా నుండిరని తలచుట రెండవది. మన యిండ్లపేర్లను గూర్చిన వ్యాసములలో ఈ రెండును తరచుగా కనబడుచుండును. వీనిలోని లోపమును తేటపరచుటకు మన పేర్లకంటె, ఆధారములు సమృద్ధిగా గల పరభాషలోని పేరొకటి యెక్కువగా తోడ్పడునని నా నమ్మకము. జర్మను భాషలో ముల్లర్ అనియు, డచ్చి భాషలో ముల్డర్ అనియు వ్యవహరింపబడు ఇంటిపేరు అట్టిది. ఋగ్వేదమును సాయణభాష్యముతో ప్రకటించిన మాక్స్ ముల్లరు పండితుని మూలమున ఈ పేరు మనకు నూరేండ్లకు పైబడి పరిచితమైనదే.

ఈ పేరునకు ఆధారములు సమృద్ధిగా నున్నవంటిని. కొన్రాడ్ కున్ట్సె, దామారిస్ న్యుబ్లింగు అను పండితుల సంపాదకత్వమున జర్మను ఇంటిపేర్ల పటసంపుటము 2009 మొదలు 2018 వరకు ఏడు సంపుటములుగా వెలువడినది. 2005వ సంవత్సరపు టెలిఫోను చందాదారుల పట్టికలను తీసికొని, ఏ పేరు ఏ మండలమున నెంత దట్టముగా నున్నదో వారు పటములపై గుర్తించిరి. డచ్చి పేర్లకును ఆంస్టర్‌డామునందలి మేర్టెన్స్ సంస్థవారు ఇట్టి కోశమునే సమకూర్చిరి. ఒక ఇంటిపేరు యొక్క భూగోళమును ఇంత సూక్ష్మముగా చూడగలుగుట పూర్వపు పరిశోధకులకు లభింపని భాగ్యము.

పేరున కర్థము సులభమైనదే. ముల్లర్ అనగా పిండిమరను నడుపువాడు. కాని ఈ సులభమైన యర్థము వెనుక పదచరిత్ర కొంత వింతగా నున్నది. ధాన్యమును విసరుట జర్మను జాతులవారికి అనాదిగా తెలిసిన పనియే. విసరుట యను నర్థమున 'మాలెన్' అను ధాతువు జర్మను, డచ్చి భాషలు రెండింటను నేటికిని కలదు. లాటినులోని 'మొలెరె' యనునదియు, లిథుయేనియను భాషలోని 'మల్తి' యనునదియు దీనికి తోబుట్టువులు. సంస్కృతమున నలుపుట, పిండిచేయుట అను నర్థములుగల 'మృణాతి' యను క్రియను కూడ పలువురు పండితులు ఈ కుటుంబమునందే చేర్చుదురు. తిరగలిరాతికి మాత్రము జర్మను జాతులవారికి వేరొక దేశ్యపదముండెను. ప్రాచీనమగు గోతిక్ భాషలో అది 'క్వేర్నుస్'. వేదమున సోమలతను నలుగగొట్టు రాతికి 'గ్రావన్' అను పేరున్నది కదా! ఈ రెండును ఒక్క మూలము నుండి వచ్చిన పదములే. ఋత్విక్కుల చేతిలోని గ్రావమును, జర్మను పల్లెపడుచు చేతిలోని తిరగలియు జ్ఞాతులగుట భాషాశాస్త్ర విద్యార్థికి ముచ్చట గొలుపు విషయము.

అట్లయిన ముల్లర్ అను పదమునకు మూలము 'మాలెన్' ధాతువే యని తోచును. కాని అది నిజము కాదు. చేతితో త్రిప్పు తిరగలి జర్మనులదే యైనను, నీటి వడిచే తిరుగు మర రోమనులది. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దివాడగు విట్రూవియస్ తన వాస్తుగ్రంథమున నీటిమర నిర్మాణమును వర్ణించెను. ఆ యంత్రము రైను నదీతీరములకు వచ్చినపుడు దాని పేరును వెంటనే వచ్చినది. యంత్రమునకు పేరు 'మొలీన'; దానిని నడుపువానికి 'మొలినారియుస్'. ఆరవ శతాబ్ది తొలినాళ్ళకు చెందిన సాలిక్ ఫ్రాంకుల ధర్మశాసనమున మరలో జరుగు దొంగతనములకు శిక్షలు విధింపబడియుండుటను బట్టి, అప్పటికే ఈ మరలు వారి దేశమున కుదురుకొన్నవని తెలియుచున్నది. కావున ముల్లర్ అనునది ధాతుదృష్టిచే దేశ్యమువలె కనబడుచున్నను చరిత్రదృష్టిచే అన్యదేశ్యము. ధాతుసామ్యముతోనే తృప్తిపడువాడు ఇచ్చట తప్పుదారి పట్టక తప్పదు.

ఇక ధ్వనిపరిణామము. లాటిను 'మొలినారియుస్' ప్రాచీనోత్తమ జర్మనున 'ములినారి' యైనది. ఇందు మొదటి యక్షరమున ఉకారము, రెండవ యక్షరమున ఇకారము. పరమందలి ఇకారము పూర్వమందలి ఉకారమును తనవైపునకు లాగికొన్నది. ఫలితముగా ఉకారము, పెదవులు గుండ్రముగా నుంచి ఇకారమును పలికినట్లు వినబడు నొక నూతన స్వరమైనది. ఆ స్వరమునకు మన లిపిలో అక్షరము లేదు. అందుచేతనే మనవారు ముల్లరనియు, మూలరనియు, మ్యూలరనియు పలువిధముల వ్రాయుచుందురు. పరస్వరము పూర్వస్వరమును మార్చుట మనకు క్రొత్తగాదు. 'కత్తి'కి 'లు' చేరగా 'కత్తులు', 'పులి'కి చేరగా 'పులులు' అగుట బాలవ్యాకరణము చదివిన ప్రతివానికిని తెలియును. ఐతే భేదమొకటి గమనింపవలెను. తెలుగున మార్పు ప్రత్యయమునకు అంటియున్న చివరి యచ్చునందు జరుగును. జర్మనున ధాతువు యొక్క మూలాచ్చే మారును. పిదప మధ్యయుగ జర్మనున 'ముల్నెరె' యను రూపమేర్పడి, లకార నకారముల కలయిక ద్విత్వలకారమై 'ముల్లెర్' సిద్ధించినది. మన 'ఇండ్లు' 'ఇళ్ళు' అయినది కూడ ఇట్టి సమీకరణము చేతనే. బవేరియా, ఆస్ట్రియా ప్రాంతములలో మాత్రము ఆ నకారము పోక నిలిచి, 'ముల్నర్' అను ఇంటిపేరుగా నేటికిని వినబడుచున్నది.

డచ్చి రూపమునందలి డకారమెక్కడిది? జర్మను భాషకు లేని హల్లు డచ్చి భాషకు కలుగుటకు కారణమేమి? లకార రేఫములు సన్నిహితములైనపుడు ఒకదాని నుండి మరియొకదానికి నాలుక పోవుటలో నడుమ డకారధ్వని తనంత పుట్టును. మధ్యయుగపు డచ్చి రూపమగు 'ముల్రె' ఇట్లే 'ముల్డర్' అయినది. ఇది ఒక్క మాటలో జరిగిన యాదృచ్ఛిక పరిణామము గాదు. నేలమాళిగకు జర్మనున 'కెల్లర్', డచ్చిలో 'కెల్డర్'. జర్మనుల 'టాలర్' అను వెండినాణెము డచ్చివారి నోట 'డాల్డర్' అయినది. మనము నిత్యము వినుచుండు డాలరు ఆ నాణెపు పేరునుండి వచ్చినదే. కావున ముల్లర్, ముల్డర్ అనునవి రెండు పేర్లు గావు. ఒక్క పేరునకు రెండు భాషలందేర్పడిన నియతరూపములు. సంస్కృతప్రాకృతములు చదివిన మనకు ఇట్టి మధ్యాగమము సుపరిచితము. 'ఆమ్ర' శబ్దము 'అంబ' యగుటలోని బకారమును, 'వానర' శబ్దము హిందీలో 'బందర్' అగుటలోని దకారమును ఈ రీతిని పుట్టినవే.

ప్రాంతీయరూపములు చాల కలవు. జర్మనీ యుత్తరమున, ష్లెస్విగ్-హోల్‌స్టైన్, మెక్లెన్‌బుర్గు ప్రాంతములందు, నిమ్న జర్మను భాషననుసరించి 'మొల్లర్' అను రూపము దట్టముగా నున్నది. అదియే పొరుగునగల డెన్మార్కున కూడ ప్రసిద్ధము. దక్షిణమున, ముఖ్యముగా బవేరియాలోని స్వాబియా ప్రాంతమున, ఆ గుండ్రని స్వరము పెదవుల గుండ్రదనమును కోలుపోయి శుద్ధ ఇకారమైనందున 'మిల్లర్' అను రూపమేర్పడినది. దీనిని చూచి ఇంగ్లీషువారి పేరని భ్రమపడరాదు. మ్యూనిచ్ నగరమున 1903లో స్థాపితమైన సుప్రసిద్ధ యంత్రశాస్త్ర ప్రదర్శనశాలకు మూలపురుషుడగు ఆస్కార్ ఫన్ మిల్లర్ అచ్చమైన బవేరియా జర్మనుడు. పండితులైనవారు తమ పేరును లాటినీకరించి 'మొలితోర్' అని వ్రాసికొనుట మానవతావాద యుగమున ఒక వేడుకగా నుండెను. ఆ రూపమును కొన్ని కుటుంబములందు స్థిరపడినది. డచ్చి దేశమున ముల్డర్ ముఖ్యముగా ఈశాన్యమున, ఖ్రోనింగన్, డ్రెంతె, ఓవరైసెల్ మండలములందు విస్తారము. ఉత్తర హాలెండున 'మోలెనార్' అను దీర్ఘరూపము వినబడును. దక్షిణమున బ్రబాంటు, లింబుర్గులకు పోయినకొలది షష్ఠీసకారము చేరి 'ముల్డర్స్' అగును. అనగా 'ముల్డరుగారి' బిడ్డ యని భావము. ఆ షష్ఠి 'దెస్ ముల్డర్స్' అను పదబంధమునుండి పుట్టి, విభక్త్యుపపదములోని చివరి సకారము పేరునకు మొదట అతుకుకొని 'స్ముల్డర్స్' అయిన వింతరూపము కూడ కలదు. ఫ్లాండర్సులో 'దె ముల్డర్' అని ఉపపదముతోనే నిలిచినది. మర నడుపువాడు గాక మర దాపున నివసించువాడు 'వాన్ దెర్ మొలెన్', 'వెర్మొలెన్' అయినాడు. ఇవి వృత్తినామములు గావు, స్థలనామములు. మన యిండ్లపేర్లలో ఊరిపేర్లే మిక్కుటమగుటచే ఈ రెండవ తరగతి మనకు ఎక్కువ సహజముగా తోచును.

ఇంతవరకు చెప్పినది పదచరిత్ర. అసలు ప్రశ్న వ్యాప్తిని గూర్చినది. నేడు జర్మనీలో ముల్లర్ ఇంటిపేరు గలవారు నూటికి ఇంచుమించు ఒక్కరు. మరి యే ఇతర ఇంటిపేరును అంతమందికి లేదు. స్విట్జర్లండునను ఇదియే ప్రథమము. డచ్చి దేశమున 2007వ సంవత్సరపు గణనలో ముల్డరులు 36,000 పైచిలుకు. అనగా వేయింటికి ఇద్దరు. ఆ దేశమున ప్రథమస్థానము, యువకుడు అను నర్థముగల 'దె యోంగ్' అను పేరుది. జర్మనీలో 'కమ్మరి' యను నర్థముగల ష్మిట్, ష్మిట్స్, ష్మిడ్ మొదలగు భిన్నలేఖనములనన్నింటిని కలిపి లెక్కించినచో ముల్లర్ రెండవస్థానమునకు దిగును. ముల్లర్ అనుపదమునకు లేఖనభేదములు తక్కువగుట కూడ దాని అగ్రస్థానమునకు కొంత కారణమన్నమాట. పట్టికలలోని సంఖ్యలను విచారింపక గ్రహించువారికి ఇది యొక హెచ్చరిక.

ఇంతమంది ముల్లరులుండుటచే, పూర్వము జర్మనీ నిండ పిండిమరలవారే యుండిరని యూహింపవచ్చునా? మధ్యయుగమున ఆ దేశమున నూటికి ఎనుబదిమందికి మించి సేద్యగాండ్రే. ఐనను సేద్యగాడను నర్థముగల 'బవర్' అను ఇంటిపేరు ముల్లరుకంటె ఎంతయో వెనుకబడి యున్నది. కారణము స్పష్టము. ఇంటిపేరు మొదట పుట్టినది ఒకనిని పదుగురినుండి వేరుపరచుటకు. పండ్రెండవ శతాబ్ది మొదలుకొని జర్మను పట్టణములందు జనసంఖ్య పెరిగినది. హైన్రిక్, యోహాన్ వంటి కొలది పేర్లనే అందరు పెట్టుకొనుచుండిరి. పన్నుల పట్టిక వ్రాయు లేఖకునకు ఏ హైన్రిక్కో తెలియవలసి వచ్చినది. అందరును సేద్యగాండ్రైన యూరిలో 'సేద్యగాడైన హైన్రిక్' అనుటవలన ప్రయోజనమేమి? కాని ఊరికి మర యొక్కటే, మరవాడొక్కడే. 'మర హైన్రిక్' అన్నంతనే మనిషి తెలిసిపోవును. ఊరికొక్కడైనవాని పేరు దేశమున ఊళ్ళెన్ని యుండునో అన్నిసారులు పుట్టును. కావున వృత్తినామముయొక్క వ్యాప్తి ఆ వృత్తివారి సంఖ్యకు కొలత గాదు. ఆ వృత్తి ప్రతి యూరను ఉండియు ఊరికొకటిగానే యుండుటకు కొలత. జర్మనీలో ముల్లర్ వెంట వచ్చు పేర్లను చూడుడు: కమ్మరి, దర్జీ, బెస్త, సాలె. మర, కొలిమి, కుట్టుపని ప్రతి యూరికిని కావలెను. ఊరికొకటి రెండైన చాలును.

ఊరికొక్కటే మర యుండుటకు ధర్మశాసనము కూడ తోడ్పడినది. భూస్వామి తన మరలోనే రైతులు ధాన్యము పట్టించుకొనవలెనని నిర్బంధించు హక్కు కలిగియుండెను. ఇంట తిరగలి యుంచుకొనుట పెక్కుచోట్ల నేరముగా పరిగణింపబడెను. ప్రష్యాలో ఈ నిర్బంధము 1810లో గాని రద్దుకాలేదు. మన దేశమున ఇట్టి స్థితి లేదు. తిరగలి, రోలు, రోకలి ఇంటింటి సామగ్రి. విసరుట, దంచుట ఇల్లాండ్ర పని. అందుచేత పిండి విసరుట మనలో ప్రత్యేకవృత్తి కాలేదు, వృత్తినామమును పుట్టలేదు. నూనె తీయుటకు గానుగ కావలెను. అది ఇంటింట నుండదు. కావుననే గాండ్లవారను వృత్తినామమేర్పడినది. పనియొక్క ప్రాముఖ్యము గాక, ఆ పని ఇంటినుండి వెలికిపోయి ఒక్కని చేతిలో పడుట పేరును పుట్టించుచున్నదని ఈ పోలిక వలన బోధపడును. తరువాతి కాలమున గోదావరి, కృష్ణా మండలములందు యంత్రములు వచ్చి బియ్యము దంచుట ఇంటినుండి వెలికిపోగా, దానితోపాటు 'మిల్లు', 'మిల్లరు' అను మాటలును తెలుగున వాడుకలోనికి వచ్చినవి. ఇంగ్లీషు 'మిల్' లాటిను 'మొలీన' యొక్క సంతతియే. జర్మనుల ముల్లర్, మన పత్రికలలోని బియ్యపు మిల్లరు ఒక్క లాటిను పదమునకు మనుమలనవచ్చును.

మరవానికి ఊరిలో గల గౌరవము మాత్రము పేరునకు దగినట్టు లేదు. అతడు కూలిని నాణెముగా గాక పిండిలో పాలుగా గ్రహించుచుండెను. తూకము అతని చేతిలోనిది; అనుమానము రైతు మనసులోనిది. ఊరివెలుపల వాగు దాపున ఒంటరిగా నివసించుట, రాత్రులందు మర నడుపుట కూడ ఆ యనుమానమును పెంచినవి. జర్మను పట్టణములలోని వృత్తిసంఘములు మరవాని కుమారులను చేర్చుకొన నిరాకరించుచుండెడివి. కొన్ని ప్రాంతములలో ఉరికంబమునకు నిచ్చెన సమకూర్చు బాధ్యత కూడ మరవానిదే. 1548లోను, మరల 1577లోను వెలువడిన సామ్రాజ్య శాసనములు, సాలెవాండ్రతోడను క్షురకులతోడను పాటు మరవాండ్రును మర్యాదస్థులే యనియు, వారి సంతానమును వృత్తిసంఘములనుండి బహిష్కరింపరాదనియు విధించినవి. ఒకే విధిని రెండుసారులు చెప్పవలసివచ్చుటయే అది సరిగా పాటింపబడలేదనుటకు నిదర్శనము. ఐనను ఈ యగౌరవము పేరును చెరపలేకపోయినది. పేరు పెట్టినది తాము గాక ఇరుగుపొరుగువారును, పన్ను వ్రాయు లేఖకుడును గదా!

పేర్లు స్థిరపడుటకు కాలము పట్టినది. తండ్రి మరవాడు, కొడుకు సాలె యైనపుడు మొదట పేరును మారుచుండెను. కొడుకునకు తండ్రి పేరే నిలిచిననాడు గాని అది ఇంటిపేరు గాదు. డచ్చి దేశపు ఉత్తరభాగములందు, ముఖ్యముగా ఫ్రీస్లండు, ఖ్రోనింగన్, డ్రెంతెలలో, పలువురకు పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళవరకు స్థిరమైన ఇంటిపేరు లేదు. తండ్రిపేరును చేర్చి పిలుచుకొనుటయే వాడుక. 1811 ఆగస్టు 18వ తేదీన నెపోలియను చక్రవర్తి, ఇంటిపేరు లేనివారందరు ఒకదానిని గ్రహించి నమోదు చేయించుకొనవలెనని ఆజ్ఞాపించెను. ముల్డరు నేడు దట్టముగానున్న మండలములలో కొన్ని ఇవే యగుట గమనింపదగినది. ఈ యాజ్ఞను పరిహసించుటకై డచ్చివారు హాస్యమైన పేర్లు పెట్టుకొనిరని ఒక కథ ప్రచారమున నున్నది; 'దిగంబరముగా పుట్టినవాడు' అను నర్థము తోచు ఇంటిపేరును ఉదాహరణముగా చెప్పుదురు. కాని ఆ పేరు 1811కు ముందే పత్రములందు కనబడుచున్నది గనుక కథ నిలువదు. జర్మనీలో పేర్ల లేఖనము 1876 జనవరి మొదలు అమలులోనికి వచ్చిన జనన మరణ వివాహముల నమోదు చట్టముతో గట్టిపడినది. అంతకుముందు ఒక్కడే ఒకచోట ముల్లర్ అనియు, వేరొకచోట మిల్లర్ అనియు వ్రాయబడుటకు అవకాశముండెను. తరువాత ఆ భేదములు చిన్నవైనను వేరువేరు ఇంటిపేర్లుగా గడ్డకట్టినవి.

ఇందువలన తేలునదేమన, ముల్లరులకు మూలపురుషుడు ఒక్కడు లేడు. వేలకొలది యూళ్ళలో వేలకొలది మరలనుండి ఒకదానికొకటి సంబంధము లేక ఈ పేరు పుట్టినది. ఇద్దరు ముల్లరులు జ్ఞాతులగుటకు పేరు ప్రమాణము గాదు. మన తెలుగునను ఒక్క ఇంటిపేరే వేరువేరు కులములలో నుండుట అందరెరిగినదే. అచ్చట ఊరు మూలము, ఇచ్చట మర మూలము. ఐరోపా ఖండమంతట ఈ లాటిను మాటయే ఇంటిపేర్లను కన్నది. ఫ్రెంచివారి మూన్యే, ఇటలీవారి మొలినారి, చెక్కుల మ్లినార్జ్, ఆర్యభాష మాటలాడని హంగేరీవారి మోల్నార్ కూడ ఈ కోవలోనివే.

వృత్తి పోయి పేరు నిలిచినదనుటకు ఒక్క ఉదాహరణము చాలును. పిండిమర యింటి సుందరిని నాయికగా గైకొని గేయమాలిక రచించి, షూబర్టు సంగీతము వలన ప్రపంచప్రసిద్ధుడైన విల్హెల్మ్ ముల్లర్ కవి (1794–1827) దెస్సౌ నగరమున ఒక దర్జీ కుమారుడు. అతని పేరులో మర కలదు గాని అతని యింట లేదు. 1838లో 'ప్రోటీను' అను పదమును తొలిసారిగా అచ్చున ప్రయోగించిన డచ్చి రసాయనశాస్త్రజ్ఞుడు ఖెరార్దుస్ యోహన్నెస్ ముల్డర్ (1802–1880) చేపట్టిన వృత్తియు మరవానిది కాదు. సముద్రము దాటి పోయినవారి పేరు మరియొక మార్పు చెందినది. అమెరికా సంయుక్తరాష్ట్రములకు వలసపోయిన ముల్లరులలో అనేకులు ఇంగ్లీషువారి 'మిల్లర్' రూపమును స్వీకరించిరి. ఆ దేశమున 2010వ సంవత్సరపు జనగణనలో మిల్లరులు 11 లక్షలకు పైబడి యున్నారు; ఇందు ఇంగ్లండునుండి పోయినవారి సంతతియెంత, జర్మనీనుండి పోయినవారి సంతతియెంత యని పేరునుబట్టి విడదీయుట అసాధ్యము.

విల్హెల్మ్ ముల్లర్ కవి కుమారుడే మన మాక్స్ ముల్లరు పండితుడు. అతడు 1823 డిసెంబరు 6న జన్మించెను. పెట్టిన పేరు ఫ్రీడ్రిక్ మాక్సిమిలియన్. మాక్స్ అనునది వేబరు రచించిన సంగీతనాటకములోని నాయకుని పేరు. పెరిగి పెద్దవాడైన పిమ్మట, ముల్లర్ అను పేరు మితిమీరి వ్యాపించినదగుటచే అది మనిషిని గుర్తించుటకు చాలదని అతడు భావించి, తన పేరులోని మాక్స్ అను భాగమును ఇంటిపేరుతో చేర్చి రెండింటిని ఒక్క ఇంటిపేరుగా గ్రహించెను. వేరుపరచుటకై పుట్టిన పేరు ఆ శక్తిని కోలుపోగా, దానికి మరల వేరొక గుర్తును తగిలింపవలసి వచ్చినది. 1849 మొదలు 1874 వరకు ఆరు సంపుటములుగా వెలువడిన ఋగ్వేదపు ముఖపత్రముపై సంస్కృతమున అతడు తన్ను మోక్షమూలర భట్టుగా పేర్కొనెను. ఈ సంస్కృతరూపమును చూచి మోక్షమునకు మూలమైనవాడని అర్థము చెప్పి మురిసిన పండితులు మన దేశమున లేకపోలేదు. బ్రిటిషు రాయబారిగా పనిచేసిన అతని కుమారుడు విలియం గ్రెన్ఫెల్ (1867–1945) తండ్రి కూర్చిన ఆ జంటపేరునే ఇంటిపేరుగా వహించెను.